ఎముకతో ఏకమగు గాజు

రాజుపాలెమునకు పొరుగుననున్న పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరెన్నిక గన్నది. పలనాటి సున్నపురాయి అచట కాలి, ఇండ్లకు వెల్లగను, కర్మాగారములకు ముడిసరుకుగను పోవుచున్నది. ఇసుక, సోడా, సున్నము కలిపి కరగించినచో గాజగును. మన కిటికీ అద్దమును, మందు సీసాయును ఈ మూడింటి కలయికయే. ఈ మూడింటికే కొంత భాస్వరము చేర్చి పాళ్లు మార్చినచో, ఎముకతో అతుకుకొను గాజు తయారగు ననిన శ్రోతలకు వింతగా తోచవచ్చును.

1967లో అమెరికాలో ఒక శాస్త్రసభకు పోవుచు లారీ హెంచ్ అను పరిశోధకుడు బస్సులో ఒక సైనికాధికారి ప్రక్కన కూర్చుండెను. ఆ అధికారి వియత్నాం యుద్ధరంగమునుండి తిరిగి వచ్చినవాడు. లోహమును, ప్లాస్టిక్కును శరీరము పరాయివానిగా చూచుటచే క్షతగాత్రులు కాలుసేతులు పోగొట్టుకొనుచున్నారనియు, శరీరము తనదిగా గ్రహించు పదార్థమును చేయరాదా యనియు ఆయన అడిగెను. ఎముక యందున్నవి కాల్షియము, భాస్వరము. వానినే గాజులో నిమిడ్చి చూడవలెనని హెంచ్ తలచెను. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున అట్టి గాజు సిద్ధమైనది. బరువు ననుసరించి నూటికి 45 పాళ్లు సిలికా, 24.5 సోడా, 24.5 సున్నము, 6 భాస్వరపు ఆక్సైడు అందు కలవు. శరీరములో నిది మెల్లగా కరగుచు, తనపై ఎముక ఖనిజమువంటి పొరను ఏర్పరచుకొని ఎముకతో ఏకమగును. ఎముకలోని లోటు పూడ్చుటకును, దంతవైద్యమునకును నేడు దీనిని వాడుచున్నారు.

చిక్కంతయు ఆ కరగుటలోనే యున్నది. సిలికా నూటికి 60 పాళ్లు మించిన గాజు ఎముకతో అతుకుకొనదు. మిక్కిలి త్వరగా కరగు గాజు ఎముక పెరుగక మునుపే అంతరించును. ఇది లోపలి అల్లికనుబట్టి యుండును. సిలికాను, ఆక్సిజను పరమాణువులు గంపవలె అల్లుకొని యుండగా, సోడాయు సున్నమును అచటచట ఆ ముడులను విప్పును. స్ఫటికములో పరమాణువులు వరుస తీరి యుండును గనుక ఎక్స్‌కిరణములు వాని స్థానమును చక్కగా తెలుపును. గాజులో వరుస లేదు. కిరణములు సగటు లెక్కనే చెప్పగలవు. ఏ ముడి ఎచట విడినదో చూచుట యెట్లు?

ఇచట మన హైదరాబాదు బిడ్డ యొకరిని స్మరింపవలెను. అచట జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించిన అనీసుర్ రహమాన్, అమెరికాలోని ఆర్గాన్ జాతీయ పరిశోధనాలయమున 1964లో 864 ఆర్గాను పరమాణువుల నడకను కంప్యూటరుచే గణింపజేసెను. ద్రవములోని కదలికను లెక్కలో చూపిన ఆ మార్గమే గాజులకును దారి చూపినది.

పద్ధతి ఇట్టిది. కొన్నివేల పరమాణువులను పేర్చి, ఒకదానినొకటి ఆకర్షించు, త్రోయు బలముల సూత్రములను కంప్యూటరుకు ఇత్తురు. సెకనును పది కోట్లకోట్ల భాగములు చేసిన అందొక భాగమునకు ప్రతి పరమాణువు ఎంత జరిగినదో అది లెక్కించును, మరల లెక్కించును. ఇట్లు లెక్కలోనే కరగించి, లెక్కలోనే చల్లార్చి, పిదప ముడులను ఎంచి చూతురు. ఈ విధముగా చూడగా, హెంచ్ గాజులోని భాస్వరములో అధికభాగము అల్లికలో కలియక, కాల్షియమును సోడియమును చెంత నుంచుకొని విడిగా నిలిచియున్నట్లు కనబడినది.

అయితే కంప్యూటరు చల్లార్చు వేగము కొలిమి వేగముకంటె కోటానుకోట్ల రెట్లు హెచ్చు. కావున అది చూపినదెల్ల యథార్థమని నమ్మరాదు. ఏ పాళ్లు పరీక్షింపదగినవో అది సూచించును. కొలిమి, ప్రయోగశాల, పిదప వైద్యుడు నిర్ణయింపవలెను. గుంటూరు చెంతనున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమున గాజులపై పరిశోధన చిరకాలముగా సాగుచున్నది గాన, ఈ విద్య మనకు దూరమైనది కాదు.

ఒక హెచ్చరిక. ఈ మాటలు విని బట్టీ సున్నమును గాయములపై పూయరాదు. అది చర్మమును కాల్చును. కంటబడిన చూపునకే ముప్పు. గాజులో నిమిడి, పాళ్లు కుదిరినప్పుడే సున్నము ఎముకకు చుట్టమగును. ఆ పాళ్లను వెదకుటకే ఇంత లెక్క.