ఎముక పేరు మోస్తున్న ప్రొటీన్

ఎముకను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే కాల్షియమంతా కరిగిపోయి, రబ్బరులా వంగే ముక్క మిగులుతుంది. లాస్ ఏంజెలిస్‌లో ఎముకల వైద్యుడు మార్షల్ యూరిస్ట్ అలాంటి ముక్కల్ని కుందేళ్ల కండరాల్లో పెట్టి కుట్టేశాడు. కొన్ని వారాలకు ఆ కండరంలో, మామూలుగా ఎముకన్నదే ఉండని చోట, మజ్జతో సహా కొత్త ఎముక పుట్టింది. 1965లో ఈ సంగతి ప్రకటించిన యూరిస్ట్, ఆ పని చేయించే పదార్థానికి 1971లో బోన్ మార్ఫోజెనెటిక్ ప్రొటీన్ అని నామకరణం చేశాడు. పొట్టిగా బీఎంపీ. అప్పటికి దాన్ని విడిగా పట్టుకున్నవారెవరూ లేరు; ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. బిడ్డ పుట్టిన మాట నిజమేగానీ, ఆ పేరు మాత్రం తప్పుదారి పట్టించిందని నా వాదన. ఎముక కట్టడం ఈ ప్రొటీన్‌కు మధ్యలో అబ్బిన పని.

పట్టుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 1981లో కుబేర్ సంపత్, హరి రెడ్డి కలిసి ఎముక ముక్క నుంచి కరిగే భాగాన్ని వేరుచేశారు. ఆ భాగాన్నీ మిగిలిన ముక్కనూ దేనికది విడిగా పెడితే ఎముక రాలేదు. రెంటినీ మళ్లీ కలిపితే వచ్చింది. అంటే కబురు వేరు, అది నిలవడానికి కావలసిన కొల్లాజెన్ ఆసరా వేరు. 1988లో మసాచుసెట్స్‌లోని జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ వోజ్నీ బృందం పశువుల ఎముకల నుంచి ఆ కబురును శుద్ధిచేసి, దాని జన్యువులను గుర్తించింది. (వాటిలో బీఎంపీ-1 అనుకున్నది కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైమని తరవాత తేలింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.) చిత్రమేమిటంటే, మిగిలిన వాటికి దగ్గరి చుట్టం డెకాపెంటాప్లెజిక్ అనే జన్యువు. అది మాగిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగది. ఈగకు ఎముకలెక్కడివి? 1993లో, ఈ జన్యువు చెడిన ఈగ పిండాల్లో మనిషి బీఎంపీ-4 పెట్టి చూస్తే, వీపేదో పొట్టేదో తేల్చే పనిని అది చక్కబెట్టింది. అదే ఏడాది ఈగ ప్రొటీన్‌ను ఎలుక చర్మం కింద పెడితే ఎముక పుట్టింది! ఈగలకూ మనకూ ఉమ్మడి పూర్వీకుడు బతికిన కాలానికి లోకంలో ఎముకే లేదు గనుక, పాత కొలువు పిండంలోనిదే అయివుండాలి.

పిండంలోని సాక్ష్యమూ అటే చూపుతుంది. బీఎంపీ-4 లేని చుంచుల పిండాలు చాలావరకు గర్భంలో పదిరోజులు నిండకముందే చనిపోతాయి. ఎముక మొదలయ్యేది ఆ తరవాతే. కప్ప పిండంలో ఈ ప్రొటీన్ దట్టంగా ఉన్న పొట్టవైపు కణాలు చర్మమవుతాయి. నాగిన్, కార్డిన్ అనే ప్రొటీన్లు దాన్ని పట్టి ఆపేసిన వీపువైపు మెదడు, వెన్నుపాము రూపుకడతాయి. కోడిపిల్ల కాలివేళ్ల మధ్య పొరలో ఇదే ప్రొటీన్ కణాలను చంపి వేళ్లను విడదీస్తుంది. బాతు కాలిలో గ్రెమ్లిన్ అనే మరో ప్రొటీన్ దానికి అడ్డుపడుతుంది, పొర మిగిలిపోతుంది. ఒకచోట చర్మం, ఒకచోట చావు, ఒకచోట ఎముక. అర్థం కబురులో కన్నా వినే కణంలోనే ఎక్కువ ఉంది.

పెద్దయ్యాక దీని పని ఎముకే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ అభ్యంతరానికి బలముంది: కాళ్లలో మాత్రమే బీఎంపీ-2 తీసేసిన చుంచులకు ఎముకలు ఏర్పడతాయిగానీ, విరిగితే అతకవు. అయితే అతుకుపడే తీరు చూడండి. విరిగినచోట చాలావరకు ముందు మృదులాస్థి ఏర్పడి, దాని స్థానంలో ఎముక వస్తుంది. పిండంలో కాలిఎముక తయారయ్యే వరసే అది. పేరును నమ్మితే వచ్చే చిక్కు మందు దగ్గర బయటపడింది. నడుము వెన్నుపూసలను అతికించడానికి 2002లో అమెరికా బీఎంపీ-2ను అనుమతించింది. కిలో ఎముకలో మైక్రోగ్రాముల లెక్కన ఉండేదాన్ని మిల్లీగ్రాముల్లో పోశారు. అనుమతి లేని మెడ భాగంలోనూ వాడారు. అక్కడ కణజాలం వాచి ఊపిరి, మింగుడు కష్టమైన కేసులు వచ్చాక, 2008లో ఆ దేశపు ఔషధ సంస్థ హెచ్చరిక జారీచేసింది. ఎముక ఎరువనుకుని చల్లినదాన్ని చుట్టుపక్కల కణాలన్నీ విన్నాయి.

వినే వైపే తప్పు జరిగితే ఏమవుతుందో, కండరాలు ఎముకగా మారిపోయే ఒక అరుదైన జబ్బు చూపుతుంది. సుమారు ఇరవై లక్షల మందిలో ఒకరికి వస్తుంది. దానికి మూలం బీఎంపీ కబురును అందుకునే ఏసీవీఆర్-1 అనే గ్రాహకంలో ఒక్క అక్షరం మార్పని 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కనుగొన్నారు. ఈ అదనపు ఎముక పెరుగుదల సాధారణంగా బాల్యంలో మొదలవుతుంది. ఆ పిల్లల్లో దాదాపు అందరికీ కాలి బొటనవేలు మాత్రం పుట్టుకతోనే పొట్టిగా, లోపలికి వంగి ఉంటుంది.