జిల్లా, మండలం, గ్రామం: వెబ్ తెరపై మీటల రూపకల్పన

తెలంగాణలో ఒక సర్వే నంబరు వివరాలు చూడాలన్నా, కులం, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో దరఖాస్తు చేయాలన్నా, పౌరుడికి ప్రభుత్వానికి మధ్య ముందుగా నిలిచేది ఒక వెబ్ ఫారం. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్‌లో భూమి వివరాలు వెతకదలచినవారు మొదట జిల్లాను, తరువాత మండలాన్ని, ఆపైన గ్రామాన్ని ఎంచుకుని, చివరకు సర్వే నంబరునో ఖాతా నంబరునో ఇవ్వవలసి ఉండేది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినా, భూమి రికార్డు జిల్లా, మండలం, గ్రామం అనే మెట్ల మీదనే నిలిచి ఉంటుంది కనుక, ఈ వరుస ఎంపికల అవసరం తీరిపోయేది కాదు. కోదాడ రైతు సూర్యాపేట జిల్లాను, మిర్యాలగూడ రైతు నల్లగొండ జిల్లాను సరిగా ఎంచుకోగలిగినప్పుడే ఆ తరువాతి పని సాగుతుంది.

నొక్కే బటన్లు, తెరుచుకునే డ్రాప్‌డౌన్ జాబితాలు, టిక్ పెట్టే చెక్‌బాక్సులు, అక్షరాలు నింపే గడులు, అంటే వినియోగదారు చర్యకు బదులిచ్చే ఈ భాగాలన్నిటినీ వెబ్ నిపుణులు కంట్రోల్స్ అంటారు. వాటి రంగు, పరిమాణం, అంచులు, అక్షరాల తీరు, తాకినప్పుడు కనిపించే మార్పు అన్నిటినీ తీర్చిదిద్దడాన్ని స్టైలింగ్ అంటారు. స్టైలింగ్‌ను అలంకారంగా భావించడం సాధారణమే అయినా, ఇక్కడ ఏం చేయవచ్చో, ఇప్పుడు ఏం జరుగుతోందో, జరిగింది సరైనదో కాదో వినియోగదారుకు తెలిపేది ప్రధానంగా ఆ రూపమే కాబట్టి, అది సేవలోనే ఒక భాగం.

బ్రౌజర్ ఇచ్చేది, రూపకర్త మార్చేది

సాధారణంగా వెబ్ పేజీ వెనుక మూడు భాషలు పనిచేస్తాయి. పేజీలో ఏమేమి ఉన్నాయో హెచ్‌టీఎంఎల్ చెబుతుంది, అవి ఎలా కనిపించాలో సీఎస్ఎస్ నిర్ణయిస్తుంది, తాకినప్పుడు ఏం జరగాలో జావాస్క్రిప్ట్ నడిపిస్తుంది. వీటిలో సీఎస్ఎస్‌ను 1994 అక్టోబరులో హాకోన్ వియుం లీ ప్రతిపాదించగా, దాని తొలి ప్రమాణం 1996 డిసెంబరులో వెలువడింది. ఫారాలు అంతకు ముందే వెబ్‌లో ఉన్నందువల్లనూ, బటన్లను, జాబితాలను గీసే పనిని తొలినాటి బ్రౌజర్లు చాలావరకు కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించినందువల్లనూ, పేజీలో మిగతా భాగమంతా రూపకర్త చేతిలో ఉన్నా కంట్రోల్స్ మాత్రం చాలాకాలం అతని మాట వినలేదు.

వాటిలో అన్నిటికంటే మొండిది డ్రాప్‌డౌన్ జాబితా. మూసి ఉన్న గడి రూపాన్ని కొంతవరకు మార్చగలిగినా, తెరుచుకున్న తరువాత కనిపించే పేర్ల వరుసను బ్రౌజర్, ఆపరేటింగ్ సిస్టమ్ తమకు తోచిన రీతిలో చూపేవి. చెక్‌బాక్సులకు, రేడియో బటన్లకు ఒక్క మాటతో కావలసిన రంగును అద్దగలిగే యాక్సెంట్-కలర్ అనే గుణం 2021లో బ్రౌజర్లలోకి వచ్చింది. తెరుచుకున్న జాబితాతో సహా డ్రాప్‌డౌన్ మొత్తాన్ని సీఎస్ఎస్‌తో తీర్చిదిద్దే వీలు 2025లో క్రోమ్ 135తో మొదలైంది. ఈ కొత్త సౌకర్యాన్ని గుర్తించని బ్రౌజర్లలో అదే జాబితా పాత రూపంలో పనిచేస్తూనే ఉంటుంది గనుక, పాత ఫోన్లు వాడేవారికి సేవ ఆగిపోదు.

ఆ సౌకర్యం రాకముందు రూపకర్తలు అనుసరించిన దారి అసలు డ్రాప్‌డౌన్‌ను తీసివేసి, మామూలు పెట్టెలతో దానిని పోలిన బొమ్మను కట్టడం. చూపుకు అది అందంగా ఉన్నా, అసలుది ఉచితంగా ఇచ్చే గుణాలు అందులో ఉండవు. అసలు జాబితా ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరుచుకున్నప్పుడు వేలికి అనువైన పెద్ద వరుసలుగా పరుచుకుంటుంది, కీబోర్డుపై బాణం గుర్తులకు కదులుతుంది, మొదటి అక్షరం నొక్కితే ఆ పేరు దగ్గరకు వెళుతుంది, చూపులేనివారికి తెరపై ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు తాను జాబితానని, ఇందులో ఇన్ని పేర్లున్నాయని చెబుతుంది. కృత్రిమ జాబితాలో ఈ ప్రతి గుణాన్నీ విడిగా రాయాలి. ఒక్కటి మరిచినా ఎవరో ఒక వినియోగదారు వాకిట్లోనే ఆగిపోతాడు. అందువల్ల వీలైనంతవరకు అసలు కంట్రోల్‌నే ఉంచి, దాని రూపాన్ని మాత్రమే మార్చడం ఈ విద్యలో మొదటి సూత్రం.

ఒకే బటన్, పలు స్థితులు

కాగితంపై బొమ్మకు ఒకే రూపం ఉంటుంది, బటన్‌కు మాత్రం పలు స్థితులుంటాయి. ఊరికే ఉన్నప్పుడు, మౌస్ బాణం పైకి వచ్చినప్పుడు, కీబోర్డు ద్వారా దాని వంతు వచ్చినప్పుడు, నొక్కుతున్నప్పుడు, నొక్కడానికి వీలులేనప్పుడు అది వేర్వేరుగా కనిపించాలి. వీటిలో మౌస్ బాణం పైకి వచ్చే స్థితిని హోవర్ అంటారు. వేలితో వాడే ఫోన్‌లో హోవర్ లేదు కాబట్టి, ఏదైనా సూచనను హోవర్‌లో మాత్రమే చూపిస్తే ఫోన్ మీద ఆధారపడిన రైతుకు ఆ సూచన ఎన్నటికీ కనిపించదు.

కీబోర్డు వంతును ఫోకస్ అంటారు. ట్యాబ్ మీట నొక్కుతూ ఒక గడి నుంచి మరొక గడికి వెళ్లేటప్పుడు, ఇప్పుడు ఏ గడి చురుకుగా ఉందో తెలిపే గీతను బ్రౌజర్ దాని చుట్టూ గీస్తుంది. చూడడానికి బాగాలేదని దానిని తొలగించే అలవాటు వెబ్‌లో చాలాకాలం సాగింది. చేతి వణుకు వల్ల మౌస్ పట్టలేనివారికే కాక, మీసేవ కేంద్రంలో రోజంతా ఫారాలు నింపే ఆపరేటర్‌కు కూడా ఆ గీతే దిక్కు. మౌస్ లేదా వేలితో నొక్కినప్పుడు బటన్ చుట్టూ గీత రాకుండా, కీబోర్డు వాడినప్పుడు మాత్రం స్పష్టంగా వచ్చేలా చేసే ఫోకస్-విజిబుల్ అనే గుర్తింపు 2022 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో చేరింది గనుక, గీతను పూర్తిగా తుడిచివేయడానికి ఇక కారణం మిగలలేదు.

నొక్కిన తరువాతి స్థితి కూడా అంతే ముఖ్యం. నెట్ నెమ్మదిగా ఉన్నచోట సబ్మిట్ బటన్ ఏ మార్పూ చూపకపోతే, పని జరగలేదనుకుని వినియోగదారు రెండోసారి నొక్కుతాడు, దానివల్ల ఒకే దరఖాస్తు రెండుసార్లు పోయే ప్రమాదం ఉంది. నొక్కిన వెంటనే బటన్‌పై మాట ‘పంపుతున్నాం’ అని మారి, రెండో నొక్కును స్వీకరించకుండా ఉండి, పని ముగిశాక ఫలితాన్ని చెప్పడం మంచి రూపకల్పన.

తెలుగు అక్షరం అడిగే చోటు

ఇంగ్లిష్ అక్షరాలకు తగినట్టు గీసిన బటన్‌లో తెలుగు మాట పెట్టినప్పుడు వచ్చే ఇబ్బంది కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ అనే మూడు ఊళ్ల పేర్లతోనే తెలుస్తుంది. కోదాడ అనే పేరులో అక్షరాల వరుస కిందికి దిగే వత్తు లేదు కనుక అది ఇరుకు బటన్‌లోనూ ఇమిడిపోతుంది. సూర్యాపేటలోనూ, మిర్యాలగూడలోనూ ఉన్న యవత్తు కిందికి దిగుతుంది, గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి. ఎత్తు బిగించిన బటన్‌ను కోదాడ పేరుతో పరీక్షించి బాగుందనుకున్న రూపకర్తకు, సూర్యాపేట పేరు చేరాక వత్తు తెగిపోవడం కనిపించవచ్చు. అందుకే తెలుగు బటన్‌కు ఎత్తును అంకెలో బిగించకుండా, అక్షరం చుట్టూ ఖాళీని మాత్రమే నిర్ణయించి, వరుసల మధ్య దూరాన్ని ఇంగ్లిష్ కంటే ఎక్కువగా ఇవ్వాలి. పేజీలోని మాటలు ఏ భాషవో హెచ్‌టీఎంఎల్‌లో తెలిపితే, తెలుగు భాగాలకు మాత్రమే ఈ కొలతలు వర్తించేలా సీఎస్ఎస్‌లో రాయవచ్చు, స్క్రీన్ రీడర్ కూడా ఆ మాటలను తెలుగు గొంతుతో చదవగలుగుతుంది.

అక్షరాలను లెక్కపెట్టే గడుల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. కంప్యూటర్లు తెలుగును దాచుకునే యూనికోడ్ పద్ధతిలో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వేటికవి విడి సంకేతాలు. చదువరికి నాలుగు అక్షరాలుగా కనిపించే సూర్యాపేట కంప్యూటర్‌కు తొమ్మిది సంకేతాలు, ఐదక్షరాల మిర్యాలగూడ పది సంకేతాలు. పేరు గడికి ఇంగ్లిష్ పేర్లను బట్టి ఇరవై సంకేతాల హద్దు పెడితే, ఇంటిపేరుతో కలిపి రాసే తెలుగు పేరు మధ్యలోనే తెగిపోవచ్చు.

ఫాంట్ల విషయంలో తెలుగువారి శ్రమ గట్టిదే. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకు తొలినాళ్లలో ఆధారమయ్యాయి. ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర, పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి వంటి ఫాంట్లను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేసింది. అయితే వత్తులు, సంయుక్తాక్షరాల వల్ల తెలుగు ఫాంట్ ఫైలు ఇంగ్లిష్ ఫైలు కంటే పెద్దదిగా ఉండడం సహజం కాబట్టి, అది దిగేలోపు ఫోన్‌లో ముందే ఉన్న ఫాంట్‌తో అక్షరాలు చూపి, తరువాత మార్చే ఏర్పాటు చేయాలి. లేకపోతే బటన్లు కొంతసేపు మాటలు లేని పెట్టెలుగా నిలబడతాయి.

ముప్ఫై మూడు పేర్ల జాబితా

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లాలోనివే. ఆ రోజుతో సూర్యాపేట జిల్లా ఏర్పడి కోదాడ అందులో చేరగా, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. రాష్ట్రంలోని జిల్లాలు 10 నుంచి 31కి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరికతో 33కి పెరిగాయి. పది పేర్లకు సరిపడేలా గీసిన జాబితా ముప్ఫై మూడింటికి సరిపోదు. పొడవైన జాబితాకు పైన వెతికే గడి ఉండాలి, ఆ గడి తెలుగు లిపిలో రాసినా, ఇంగ్లిష్ అక్షరాలతో రాసినా అందుకోవాలి, మిర్యాలగూడ పేరును ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కో తీరున రాస్తారు కనుక ఆ తేడాలన్నిటినీ గుర్తించాలి. జిల్లా ఎంచుకోనిదే మండలం గడి తెరుచుకోకపోవడం న్యాయమే అయినా, అది ఎందుకు మూసి ఉందో ‘ముందు జిల్లాను ఎంచుకోండి’ అనే మాటతో చెప్పాలి. జిల్లా మార్చినప్పుడు పాత మండలం పేరు గడిలో మిగిలిపోకూడదు.

అంకెల గడులకు మరొక జాగ్రత్త ఉంది. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ అనే జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ విపణిలో చేరిన మార్కెట్లలో ఒకటి. ఇటువంటి విధానంలో వ్యాపారులు ధాన్యం రాశికి ధరను కంప్యూటర్ ద్వారానో ఫోన్ ద్వారానో నమోదు చేస్తారు. వెబ్‌లోని అంకెల గడుల్లో కొన్ని, మౌస్ చక్రం తిరిగినా అంకెను మార్చేస్తాయి. క్వింటాలు ధర రాసే చోట ఇది ప్రమాదకరం కాబట్టి, ఫోన్‌లో అంకెల కీబోర్డు తెరుచుకునే మామూలు గడిని వాడి, పంపేముందు రాసిన ధరను పెద్ద అక్షరాల్లో మరోసారి చూపడం రైతుకూ వ్యాపారికీ క్షేమం.

ఎండలో కనబడాలి, వేలికి అందాలి

కళ్లానికి, మార్కెట్ యార్డుకు ఫోన్ వెంట వెళుతుంది, అక్కడ వెలుతురు ఎండది. తెల్లటి నేలపై లేత బూడిద రంగు అక్షరం గదిలో సొగసుగా ఉన్నా, ఎండలో మాయమవుతుంది. వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, అక్షరానికి నేలకు మధ్య వెలుగు తేడాను ఒక నిష్పత్తిగా కొలిచి, మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, బటన్లు, గడుల అంచులకు కనీసం 3:1 ఉండాలని సూచించింది. తెలుపుపై నలుపుకు ఈ నిష్పత్తి 21:1. అదే సంస్థ 2023 అక్టోబరులో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం తాకే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి. ఆండ్రాయిడ్ సూచన ఇంకా ఉదారమైనది; దాని ప్రకారం తాకే చోటు దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలి. పొలంపనితో మొద్దుబారిన వేలికి ఆ పెద్ద కొలతే తగినది.

తప్పును ఎరుపు రంగుతో మాత్రమే చూపడం చాలదు, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని చూపు ఉన్నవారు సమాజంలో ఉన్నారు. గడి అంచు ఎర్రబడటంతో పాటు ఒక గుర్తు, దాని కిందనే తెలుగులో కారణం ఉండాలి. ‘తప్పు’ అనడం కంటే ‘ఫోన్ నంబరులో పది అంకెలు ఉండాలి’ అనడం మేలు.

హక్కుగా మారిన అందుబాటు

ఫారాన్ని ఇలా అందరికీ అందుబాటులో ఉంచడం దయతో చేసే పని కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికతను దివ్యాంగులకు అందుబాటులో ఉంచాలని నిర్దేశించింది. 2024 నవంబరులో రాజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు అందుబాటు ప్రమాణాలు సూచనలుగా కాక తప్పనిసరిగా ఉండాలని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే కోర్టు డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. ఈ బాధ్యతను ప్రతిచోటా విడివిడిగా మోయనవసరం లేదు. జిల్లాల ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఎస్3వాస్ అనే ఉమ్మడి వేదికలో, సిద్ధంగా ఉన్న నమూనాను ప్రతి జిల్లా తనకు తగినట్టు మలచుకుంటుంది. ఉమ్మడి నమూనాలో ఒక లోపాన్ని సరిచేస్తే ఆ మేలు అనేక జిల్లాలకు ఒకేసారి అందుతుంది. సీఎస్ఎస్‌లో రంగులను, కొలతలను ఒక్కచోట పేరు పెట్టి దాచే చరరాశులు ఇందుకు సాధనం. ప్రధాన రంగును అక్కడ మార్చితే ప్రతి బటన్, ప్రతి గడి దానిని అనుసరిస్తాయి.

ఈ విద్యకు అవసరమైన సాధనాలు ఇప్పుడు బ్రౌజర్లలోనే ఉన్నాయి, ప్రమాణాలు అందరికీ తెరిచి ఉన్నాయి, ఫాంట్లు ఉచితం. మిగిలినది పరీక్ష. నగరంలోని కార్యాలయపు పెద్ద తెరపై బాగున్న ఫారాన్ని, తక్కువ ధర ఫోన్‌లో, మధ్యాహ్నపు ఎండలో, తెలుగు మాటలతో, కీబోర్డుతోనూ స్క్రీన్ రీడర్‌తోనూ, కోదాడ మీసేవ ఆపరేటర్ చేత, మిర్యాలగూడ రైతు చేత, సూర్యాపేట విద్యార్థి చేత నింపించి చూడాలి. వారు ఆగిన ప్రతిచోటా మార్చవలసింది ఫారాన్నే. పౌరుడు మరొకరి సాయం అడగకుండా తన సర్వే నంబరును తానే చూసుకోగలిగేలా చేయడమే ఈ రూపకల్పనకు గీటురాయి.