రచనలో పాకం

అరిసెలు వండే ఇల్లాలికి బెల్లం పాకం ఒక పరీక్ష. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది. ముదిరితే గట్టిపడి పంటికి లొంగదు. రెంటికీ నడుమ ఉన్న వ్యవధి బహు స్వల్పం. చన్నీటిలో ఒక చుక్క వేసి, అది వేళ్ళ మధ్య మెత్తని ఉండగా కుదిరిన వెంటనే గిన్నెను పొయ్యి మీది నుండి దింపుతారు. కావ్య పరిపక్వతకు మన ఆలంకారికులు ఈ 'పాకం' అనే మాటనే వాడారు. ద్రాక్షా, కదళీ, నారికేళ పాకాలు విద్యార్థులు ఎరిగినవే. అవి కావ్యార్థం పాఠకునికి ఎంత సులభంగా అందుతుందో తెలిపే భేదాలు. రచయితకు అంతకు ముందే మరొక ప్రశ్న ఎదురవుతుంది. దిద్దడం ఎప్పుడు ఆపాలి?

8వ శతాబ్ది చివరి భాగంలో కాశ్మీరంలో ఉన్న వామనుడు దీనికి ఒక సమాధానం చెప్పాడు. మనస్సు ఊగిసలాడుతున్నంత కాలం కవి పదాలను పెడుతూ, తీస్తూ ఉంటాడు. ఒక పదాన్ని తీసి మరొకటి పెట్టడానికి వీలులేని స్థితి కలిగినప్పుడు అది శబ్దపాకం. వినడానికి ఇది తిరుగులేని నియమంగా తోస్తుంది.

తరువాత ఒక శతాబ్దికి పైగా గడిచాక, కన్యాకుబ్జ రాజాస్థానంలో ఉన్న రాజశేఖరుడు తన 'కావ్యమీమాంస'లో ఈ మతాన్ని పేర్కొని, దానిపై తన భార్య అవంతిసుందరి చేసిన ఆక్షేపణను కూడా వివరించాడు. (ప్రాచీన అలంకార గ్రంథాలలో ఒక స్త్రీ అభిప్రాయం పేరుతో సహా కనిపించడం అరుదు.) మార్పును సహించని ఆ స్థితి పాకం కాదు, అశక్తి అని ఆమె వాదం. మహాకవులు ఒకే అర్థాన్ని పలు విధాలుగా చెప్పగలరు. ఆ పాఠాలన్నీ పరిపక్వమైనవే కావచ్చు. కనుక రసానికి తగినట్లు శబ్దార్థాలు కుదరడమే పాకం.

ఈ ఆక్షేపణలో లోతు ఉంది. సరియైన పదం ఒక్కటే అయితే, అది దొరికిన నాడు వెదకడం ఆగుతుంది. తగిన పదాలు పది ఉన్నప్పుడు, ఒకదాని స్థానంలో మరొకదాన్ని పెడుతూ జీవితకాలం గడపవచ్చు. రచన మాత్రం ముందుకు సాగదు. కాబట్టి ప్రతి మార్పునూ రసం దృష్టితో పరిశీలించాలి. అలంకారాన్ని సమయానికి గ్రహించాలనీ, సమయానికి విడవాలనీ, దాన్ని చివరంటా సాగదీయాలనే కోరిక తగదనీ ధ్వన్యాలోకంలో ఆనందవర్ధనుడు చెప్పినదీ ఇటువంటిదే.

అట్లని సంస్కరణ వద్దని కాదు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరిగి వ్రాసి 1909లో ప్రకటించాడు. నేడు మనం చదివే కన్యాశుల్కం ఈ రెండవ కూర్పే. మధురవాణి పాత్ర ఇందులోనే పూర్తిగా వికసించింది. పన్నెండేళ్ళలో గురజాడకు తన మనుషులను గురించి చెప్పవలసినది పెరిగింది; నాటకమూ పెరిగింది.

ఆంగ్ల కవి వర్డ్స్‌వర్త్ సంగతి వేరు. స్వీయజీవితాన్ని వస్తువుగా తీసుకున్న 'ది ప్రెల్యూడ్' అనే దీర్ఘకావ్యాన్ని ఆయన 1805లో 13 భాగాలుగా పూర్తిచేశాడు. అప్పటికి ఆయన వయస్సు 35. కాని ప్రచురించక, దశాబ్దాల పాటు దిద్దుతూ వచ్చాడు. 1850లో ఆయన మరణించాక అది 14 భాగాలుగా వెలువడింది. 1926లో పాత ప్రతి అచ్చయినప్పుడు, రెంటినీ పోల్చి చూసే అవకాశం కలిగింది. తరువాతి ప్రతిలో భాష నునుపుదేరింది. కొన్ని చోట్ల నడక మెరుగయింది కూడా. అయినా యౌవనంలో ఫ్రెంచి విప్లవాన్ని చూసి పొంగిన కవి మాటలకు, వయసు మళ్ళిన కవి జాగ్రత్తలు అడ్డుపడ్డాయి. చాలామంది విమర్శకులు 1805 ప్రతి వైపే మొగ్గారు. ఈ వ్యాసకర్త పక్షమూ అదే.

నిన్న తీసివేసిన మాటను ఈనాడు తిరిగి పెట్టి, రేపు మళ్ళీ తీసే దశకు వచ్చిన రచయిత పొయ్యి ఆర్పవలసిన సమయం దాటుతున్నదని గుర్తించవచ్చు. అప్పుడు కాగితాలను కొన్నాళ్ళు పక్కన ఉంచి, తొలి ప్రతితో పోల్చి చదవడం మేలు. ఆ తొలి ప్రతి ఉంటేనే ఇది సాధ్యం. తాటాకుపై గంటంతో గీసిన అక్షరం అంత తేలికగా చెరగదు. కంప్యూటర్ తెరపై చెరిపిన వాక్యానికి తరచు ఆనవాలు కూడా ఉండదు. వర్డ్స్‌వర్త్ వ్రాతప్రతులు భద్రంగా మిగిలినందువల్లనే 1805 నాటి కావ్యం మనకు దక్కింది.