పగులు కదులుతోందా?

2010 మే 26 రాత్రి శ్రీకాళహస్తి రాజగోపురం కూలిపోయింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురమది. పగులు పెద్దదవుతోందని గమనించి చుట్టుపక్కల వాళ్లను ముందే ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం తప్పింది. గోపురం మాత్రం దక్కలేదు. పగులు పెరగడం కంటికే కనబడేదాకా వచ్చాక చేయగలిగేది జనాన్ని దూరం జరపడమే.

పాత గోపురమన్నాక పగుళ్లుంటాయి. అడుగున రాయి, పై అంతస్తుల్లో ఇటుక, సున్నం. రాయలసీమ ఎండకు అవి వ్యాకోచిస్తాయి, చలికి ముడుచుకుంటాయి. వాటితోపాటే పగులూ కాస్త మూసుకుంటుంది, కాస్త తెరుచుకుంటుంది. అందులో ప్రమాదమేమీ లేదు. ఏటా వచ్చిపోయే ఆ కదలికను లెక్కలోంచి తీసేశాక కూడా వెడల్పు కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటే, అప్పుడు భయపడాలి. ఆ పెరుగుదల మిల్లీమీటరులో పదో వంతు ఉండొచ్చు, ఇంకా తక్కువే ఉండొచ్చు.

పగులుకు అడ్డంగా గాజుముక్క అతికించడం పాత పద్ధతి. గోడ కదిలితే గాజు చిట్లుతుంది. కదిలిందని తెలుస్తుంది గానీ ఎంత కదిలిందో, ఎప్పుడు కదిలిందో తెలియదు. పగులుకు రెండు వైపులా బిగించే క్రాక్ మీటర్ ఆ లెక్కను గంటగంటకూ నమోదు చేస్తుంది. గోపురం ఒరుగుతోందేమో టిల్ట్ మీటర్ చూస్తుంది. ఎండ వాటా ఎంతో తేల్చడానికి పక్కనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉండాలి. గోడ లోపలి సంగతి అల్ట్రాసౌండ్ చెబుతుంది: గట్టి రాతిలో ధ్వని వేగంగా పోతుంది, డొల్ల అడ్డొస్తే ఆలస్యమవుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి మోత వినే విద్యే ఇది, కొలతతో.

ఇటలీలోని పావియా నగరంలో 1989 మార్చి 17న పాత గోపురం ఒకటి కుప్పకూలి నలుగురు చనిపోయారు. శతాబ్దాల తరబడి తన బరువే తన గోడలను లోలోపల నలిపేసిందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మరుసటి ఏడాది జనవరిలోనే పీసా గోపురాన్ని మూసేశారు. పరికరాలతో అనుక్షణం కనిపెడుతూ ఒరుగు తగ్గించి, 2001లో మళ్లీ తెరిచారు.

అంత దూరం ఎందుకు, మన జిల్లాలోనే శ్రీహరికోట ఉంది. 2022లో జిల్లాలు మారాక అదీ శ్రీకాళహస్తీ రెండూ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 రాకెట్ పక్కన నిలబెట్టే ఎస్200 మోటారు ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. అందులో పగులుంటే మండే ఉపరితలం పెరిగి లోపలి పీడనం అదుపు తప్పుతుంది. ఇంధనం తొడుగు నుంచి ఊడితే మంట తొడుగునే తాకుతుంది. అందుకే ఘన ఇంధన మోటార్లను కోయకుండా, విప్పకుండా ఎక్స్‌రేలతో, అల్ట్రాసౌండ్‌తో లోపలిదాకా పరీక్షిస్తారు. రెండు నిమిషాల చిల్లర మండే మోటారుకు చూపే ఈ శ్రద్ధలో కొంతైనా అయిదు వందల ఏళ్లు నిలిచిన కట్టడానికి దక్కాలి.

చెరువుల సంగతీ అంతే. 2021 నవంబరు వరదల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి, దిగువ పల్లెలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. మట్టికట్ట లోపల నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్ ఉంటే, ఊట బయటపడకముందే ఆ ఒత్తిడి పెరగడం తెలుస్తుంది.

శ్రీకాళహస్తిలో కొత్త రాజగోపురం 2017లో పూర్తయింది. రాయలు కట్టించింది మాత్రం ఇక లేదు. తిరుపతి గోవిందరాజస్వామి ఆలయ గోపురం, నారాయణవనం, నాగలాపురం గోపురాలు, చంద్రగిరి రాజమహల్ ఉన్నాయి. వీటిని చూసుకునే తిరుమల తిరుపతి దేవస్థానం, పురావస్తు శాఖలకూ, మిగతా పాత గుళ్ల బాధ్యత ఉన్న దేవాదాయ శాఖకూ ఒక్కటే విన్నపం: ప్రతి పాత కట్టడం మీదా కదలికలు కొలిచే సెన్సర్లుండాలి, ఆ లెక్కలు ఏటా ప్రజల ముందు పెట్టాలి. తిరుపతిలో ఐఐటీ ఉంది, సాయం అడగడానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. మీ ఊరి గుడి గోడ మీద పగులు కనబడితే కొలిచి, తేదీ వేసి, ఫొటో తీసి ఆలయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆర్నెల్లకు మళ్లీ వెళ్లి కొలవండి.