కొల్లేటి రొయ్యకి దారేది?

కొల్లేట్లో మంచినీటి రొయ్య ఎందుకు తగ్గిందంటే, మా లంకల్లో చాలామంది ‘పట్టేవోళ్లు ఎక్కువైపోయారు’ అంటారు. అదొక్కటే కాదంటాను నేను.

ఈ రొయ్య పెరిగేది మంచినీళ్లలోనే గానీ, పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. తల్లి రొయ్య గుడ్లు పొట్టకింద మోసుకుంటా ఏటి మొగ వైపు దిగుద్ది. పిల్లలు అక్కడ ఎదిగి, ఎదురీదుకుంటా పైకొస్తాయి. కొల్లేటికి సముద్రం దారి ఉప్పుటేరే. అది పూడికతో, ఆక్రమణలతో ఇరుకైతే రొయ్యకి పుట్టింటి దారి మూసుకున్నట్టే.

ఇక నీళ్ల సంగతి. బుడమేరు, తమ్మిలేరు, మురుగు కాలవలు ఊళ్ల మురుగునీ, పొలాల ఎరువునీ తెచ్చి ఇక్కడే దించుతాయి. చేపల చెరువుల మడ్డి సరేసరి. ఎరువుకి నాచు పెరుగుద్ది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రికి దాన్ని పీల్చేస్తది. మిగిలింది అడుగున కుళ్లే మడ్డి లాగేస్తది. రొయ్య ఉండేది ఆ అడుగునే! తెల్లారగట్ల ఒడ్డుకి చేరుతోందంటే ఊపిరాడకే. గుల్ల విడిచే రోజైతే ఇంకా గండం.

1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపొచ్చింది, 2006లో చెరువు గట్లు పేల్చారు. తర్వాత గట్లు మళ్లీ లేచాయి.

అందుకే తమ్ముళ్లూ, రొయ్యపిల్లల్ని తెచ్చి వదిలితే చాలదు. తెల్లారకముందే నీళ్లలో ఆక్సిజన్ కొలుద్దాం. లీటరుకి 5 మిల్లీగ్రాములుంటే రొయ్యకి సుఖం, 3కి దిగితే కష్టం. ఆ లెక్కలు రాసిపెట్టి గ్రామసభలో అడుగుదాం: మురుగు శుద్ధి ఎప్పుడు? ఉప్పుటేరు పూడిక తీసేదెప్పుడు? రొయ్య పోతే, వల మీద బతికే ఇల్లూ పోద్ది.