8,000 గంటల చదువు

హైస్కూలు అవగానే పిల్లలు కంప్యూటర్ సైన్సో మెడిసినో అంటారని మన ఇళ్లలో అందరూ ఎదురుచూస్తారు. ఎలక్ట్రీషియన్ అవుతానంటే పెద్దవాళ్ల ముఖాలు చిన్నబోతాయి. చిన్నబోవాల్సిన చదువు కాదది. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి కాబట్టి, మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్ సంగతే చెబుతాను.

హ్యూస్టన్ కమ్యూనిటీ కాలేజీ లాంటి చోట ఓమ్ సూత్రంతో మొదలుపెట్టి సర్క్యూట్లు, మోటార్లు, తీగలు వెళ్లే పైపు వంచడం దాకా నేర్పుతారు. ఇక్కడి ఇళ్లలో నల్ల తీగలో కరెంటు ఉంటుంది, తెల్లది న్యూట్రల్. మన దేశంలో నలుపే న్యూట్రల్. ఊళ్లో ఫ్యాన్లూ స్విచ్చులూ బిగించి చెయ్యి తిరిగినవాళ్లే ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి.

అసలు చదువంతా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ చుట్టూ తిరుగుతుంది. 1897లో మొదలైన ఈ పుస్తకాన్ని ఇప్పుడు మూడేళ్లకోసారి సవరిస్తున్నారు. గోడలో స్విచ్ బిగించే చిన్న డబ్బాకీ అందులో లెక్క ఉంది. 14 గేజ్ కేబుళ్లు రెండు డబ్బాలోకి వచ్చాయనుకోండి. రెండు నల్ల తీగలు, రెండు తెల్లవి కలిపి నాలుగు. ఎర్త్ తీగలు రెండున్నా ఒకటిగానే లెక్క. స్విచ్‌కి రెండు. మొత్తం ఏడు. ఒక్కోదానికి 2 ఘనపు అంగుళాల చొప్పున 14 ఘనపు అంగుళాల చోటు కావాలి. కేబుల్‌ని పట్టి ఉంచే క్లాంపు డబ్బా లోపల ఉంటే ఇంకో రెండు కలిపి 16. చోటు చాలక తీగల్ని కుక్కితే వేడి బయటికి పోదు, పైపొర చిట్లుతుంది. ఇల్లు తగలబడకుండా కాపాడే లెక్క ఇది. దీన్ని తక్కువ చదువని ఎలా అంటాం?

అయితే కాలేజీ సర్టిఫికెట్‌తోనే లైసెన్సు రాదు. అప్రెంటిస్ మెట్టు దాటాక వచ్చే జర్నీమాన్ లైసెన్సుకి, అన్నిటికంటే పై మెట్టయిన మాస్టర్ ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలో 8,000 గంటల పని చూపించాలి. పూర్తికాలం పనిచేస్తే దాదాపు నాలుగేళ్లు. 7,000 గంటలయ్యాక పరీక్షకి కూర్చోనిస్తారు. ఆ తర్వాత మాస్టర్ కావాలంటే మొత్తం 12,000 గంటలుండాలి, జర్నీమాన్ లైసెన్సు చేతికొచ్చి కనీసం రెండేళ్లవ్వాలి. అందుకే నా సలహా: కోర్సు అయ్యేదాకా ఆగొద్దు. 16 ఏళ్లు నిండితే చాలు, రాష్ట్ర లైసెన్సింగ్ శాఖలో అప్రెంటిస్‌గా నమోదు కావచ్చు. మొదటి సెమిస్టర్‌లోనే ఆ పని చేసి, పగలు పని, సాయంత్రం క్లాసు పెట్టుకుంటే, పొద్దున పైపులో లాగిన తీగ గురించి రాత్రి కోడ్‌లో చదువుకోవచ్చు. చదివింది అలాగే ఒంటబడుతుంది.

మన కుటుంబాలు ముందే చూసుకోవాల్సిన చిక్కు వీసా. హెచ్‌-4 మీదున్న పిల్లలు కాలేజీలో చేరవచ్చు గానీ జీతానికి పనిచేయకూడదు, కాబట్టి అప్రెంటిస్‌గా గంటలు కూడవు. ఫెడరల్ పెల్ గ్రాంటూ రాదు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకి ఈ అడ్డులేవీ లేవు.

ఇంకొకటి. గంటల ధ్రువీకరణ పత్రం మీద మాస్టర్ ఎలక్ట్రీషియనే సంతకం పెట్టాలి. ఒక కంపెనీ మానేసి ఇంకోదానికి వెళ్లేటప్పుడు ఆ సంతకం చేయించుకునే బయటికి రావాలి. నాలుగేళ్ల తర్వాత ఆ కంపెనీ మూతబడి, ఆ మాస్టర్ ఇంకో ఊరు వెళ్లిపోతే వెతికి పట్టుకోవడం కష్టం.