మీ గంటల లెక్క మీ దగ్గరే!

పాల లెక్క కేలండర్‌లో గీతలు పెట్టి మరీ రాసుకుంటాం. మరి మనం పనిచేసిన గంటల లెక్క?

ఇంటి దగ్గరే ఉండి గంటల లెక్కన సాఫ్ట్‌వేర్‌ పని చేసే ఆడవాళ్లకు నెలాఖరులో ఇదో తలనొప్పి. పిల్లల్ని బడికి పంపాక గంటన్నర, మధ్యాహ్నం ముప్పావుగంట, రాత్రి అందరూ పడుకున్నాక రెండు గంటలు... ముక్కలు ముక్కలుగా చేసిన పని ఏం గుర్తుంటుంది? 'ఎక్కువ వేస్తే ఏమనుకుంటారో' అని తగ్గించి బిల్లు పంపేస్తారు. నష్టం ఎవరికి? మీకే!

కేంద్రప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారని తేలింది. ఇంటిపని చేసే మగవాళ్లకైతే 88 నిమిషాలే. ఆ చాకిరీకి ఎలాగూ జీతం లేదు. డబ్బొచ్చే పనికైనా లెక్క తప్పకూడదు కదా!

గిట్‌ ఉందిగా!

ప్రోగ్రాములు రాసేవాళ్లకు గిట్‌ కొత్త కాదు. లైనస్‌ టోర్వాల్డ్స్‌ 2005లో తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఇది. మీరు 'కమిట్‌' ఇచ్చినప్పుడల్లా ఏం మార్చారో, ఎవరు మార్చారో, ఏ తేదీన, ఏ టైముకో దాచిపెడుతుంది. 'గిట్‌ లాగ్‌' అని కొడితే చిట్టా అంతా తెరమీదికొస్తుంది.

అయితే ఒక చిక్కుంది. కమిట్‌కు తెలిసేది పని దాచిన క్షణమే. మీరు ఎప్పుడు కూర్చున్నారో దానికి తెలీదు. చిన్న తప్పు కోసం మూడు గంటలు వెతికినా చిట్టాలో కనిపించేది ఒక్క కమిటే.

ఇలా చేసి చూడండి

* ఆఫీసు పనిలో కలపకుండా, గంటల లెక్క కోసమే మీ కంప్యూటర్‌లో వేరే ఫోల్డర్‌ పెట్టుకోండి. అందులో 'గిట్‌ ఇనిట్‌' కొడితే చాలు.

* పనికి కూర్చోగానే 'మొదలు' అని ఓ ఖాళీ కమిట్‌ ఇవ్వండి. ఫైళ్లేమీ మార్చకపోయినా 'అలౌ ఎంప్టీ' ఆప్షన్‌ పెడితే గిట్‌ ఒప్పుకుంటుంది.

* కుక్కర్‌ కూత పెట్టినా, బాబు ఏడ్చినా లేచేముందు 'ఆపాను' అని ఇంకోటి. 9.40కి మొదలు, 11.10కి ఆపాను అని ఉంటే గంటన్నర అన్నమాట.

* ప్రతిసారీ అంత పొడుగు ఆదేశం కొట్టక్కర్లేదు. దానికో పొట్టిపేరు, అంటే 'ఏలియాస్‌' పెట్టుకోండి.

* వారానికోసారి లాగ్‌ తీసి గంటలు కూడుకోండి. నెలాఖరుదాకా ఆగొద్దు.

ఒక్కమాట. గిట్‌ రాసుకునేది మీ కంప్యూటర్‌ గడియారం చూపే టైము. దాన్ని మార్చడం కూడా కష్టం కాదు. కాబట్టి ఇది తిరుగులేని సాక్ష్యమేమీ కాదు, మీ జ్ఞాపకానికి ఆసరా. కానీ తేదీలతో, టైముతో సహా ఉన్న లెక్క ఎదుట పెడితే మాట్లాడేటప్పుడు మీకే ధైర్యంగా ఉంటుంది.

ఫోనులో మాట్లాడిన సమయం, తప్పు ఎక్కడుందా అని ఆలోచించిన సమయం కూడా పనే. మొహమాటపడకుండా అవీ లెక్కలో వేయండి!